కొండపిల్లల చదువునకు కడలి తాబేటి కథ



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన దినమున లెక్కలు చెప్పుట ఆచారము. బీరువాలెన్ని, పుస్తకములెన్ని, చందాదారులెందరు అనునవి కార్యదర్శి నివేదికలో వచ్చును. ఆ నివేదికలో చేరని లెక్క యొకటి కలదు. ఈ గ్రామమున అక్షరములు నేర్చిన బిడ్డలలో ఒక పుట చదివి, అందలి సంగతిని తమ మాటలలో చెప్పగలవారు ఎందరు? పుస్తకము విప్పినంతమాత్రమున చదువు కాదు. పెదవి కదలినంతమాత్రమునను కాదు. చదివినది మనసున కెక్కినప్పుడే అది చదువు. జి.మాడుగుల వంటి మన్యపు గ్రామమునకు ఈ భేదము మిక్కిలి ముఖ్యమైనది.

ఏలయన, ఈ ప్రాంతపు ఇండ్లలో అన్నింటను వినవచ్చు భాష ఒకటి కాదు. కొన్ని ఇండ్లలో తెలుగు, కొన్నింట కువి, కొన్నింట కొండ భాష, మరికొన్నింట ఆదివాసీ ఒడియా. తెలుగే మాటలాడు ఇంటి బిడ్డకు సైతము పుస్తకపు తెలుగు కొంత పరాయిదిగానే తోచును. బిడ్డ బడికి పోయి గుణింతములు నేర్చును, కొంతకాలమునకు గడగడ చదువును, తల్లిదండ్రులు సంతోషింతురు. కాని "ఏమి చదివితివి నాయనా?" అని యడిగినచో తల వంచుకొనును. చదివినది నోటికి వచ్చినది గాని మనసునకు రాలేదు. ఈ లోపము రెండవ తరగతిలో పైకి కనబడదు. ఐదవ తరగతిలోనో, ఆరవ తరగతిలోనో పాఠములు పెద్దవైనప్పుడు బయటపడును. అప్పటికి బిడ్డ సిగ్గుపడి వెనుక వరుస చేరును; పిదప పశువుల వెంట పోవుటయే మేలనుకొని బడి మానును. "వీనికి చదువు అబ్బలేదు" అని ఊరు తీర్పు చెప్పును. ఆ తీర్పు అన్యాయము. లోపము బిడ్డలో లేదు. చదువు వానిని చేరవచ్చిన త్రోవలో నున్నది.

ఈ సంగతిని నూరేండ్లకు పూర్వమే గుర్తించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, సవరల భాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవర బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పింప యత్నించెను. సవర భాషను గూర్చి ఆయన రచించిన గ్రంథము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. తరువాత చాలకాలమునకు, 2004లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్యాబోధన ఆరంభించెను. వానిలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా కూడ ఉండెను. ఇంటి మాటనుండి పుస్తకపు మాటకు వంతెన వేయవలెననుటయే ఈ ప్రయత్నములన్నింటి సారము. ఆ వంతెనకు గ్రంథాలయము కూడ ఒక పలక వేయగలదు.

అర్థముతో చదువుట నేర్పుటకు జీవకథ మిక్కిలి అనువైనది. జీవకథ యనగా ఒక ప్రాణి పుట్టుక మొదలు, అది పెరిగి మరల తన సంతానమునకు జన్మమిచ్చువరకు గల వృత్తాంతము. దానికి మొదలు, నడుమ, తుది ఉన్నవి. అందు ప్రతి సంగతియు ముందటి సంగతి వలన కలుగును. ముందు చదివినది మరచినవానికి వెనుక వచ్చునది బోధపడదు. "తరువాత నేమైనది?" అను ఆత్రుత బిడ్డను పుట చివరివరకు నడుపును. అట్టి జీవకథలలో సముద్రపు తాబేటి కథ మేలైన వానిలో నొకటి.

కొండమీది బిడ్డకు సముద్రపు తాబేలెందులకు, చేనిగట్టున కప్ప లేదా, గూటిలో కోడిపెట్ట లేదా అని పెద్దలు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. పాఠమును కోడిపెట్టతోనే మొదలు పెట్టవలయును. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుటయే బోధనకు రాజమార్గము. కాని అక్కడనే ఆగిన చిక్కు కలదు. కోడిని గూర్చిన పాఠము చదువునప్పుడు బిడ్డ పుస్తకము చూడకయే జవాబు చెప్పగలడు. పెట్ట ఇరువదియొక్క దినములు పొదుగునని ఇంటనే యెరుగును. చదివి తెలిసికొన్నాడో, ముందే తెలియునో పెద్దలు కనుగొనలేరు. ఎన్నడును చూడని తాబేటిని గూర్చి అడిగినప్పుడో, జవాబు పుస్తకమునందే దొరకవలయును. జవాబు చెప్పినాడనగా చదివి గ్రహించినాడన్నమాట. కంటికి కానరానిదానిని అక్షరము చూపగలదని బిడ్డ అప్పుడు స్వయముగా తెలిసికొనును. ఆ రుచి యొకసారి తగిలినవాడు పుస్తకమును సులభముగా విడువడు.

ఇంతేకాక, కడలికిని ఈ కొండలకును సంబంధము లేకపోలేదు. ఈ కొండల నీటిని మత్స్యగెడ్డ మోసికొని పోవుచున్నది. అదియే మాచ్‌ఖండ్ నదియై, దిగువను సీలేరను పేర సాగి, శబరిలో కలియును. శబరి కూనవరము వద్ద గోదావరిలో కలియును. గోదావరి బంగాళాఖాతమును చేరును. బిడ్డలు ఈ పేర్లను నేలమీద గీసిన గీతవెంట వరుసగా వ్రాసి చదివినచో, తమ గెడ్డ నీరే తాబేటి యింటికి పోవుచున్నదని తెలిసికొందురు. విశాఖపట్టణపు తీరమునకు ఇచ్చటినుండి బస్సు దారి నూరు కిలోమీటర్లకు పైబడి యున్నది. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లు ఆంధ్ర తీరమున గ్రుడ్లు పెట్టవచ్చును. ఒడిశాలోని గహిరమథ, ఋషికుల్య తీరములలోనైతే అనుకూలమైన సంవత్సరములలో లక్షల సంఖ్యలో ఒక్కుమ్మడిగా ఒడ్డెక్కును.

పాఠమును గ్రంథాలయపు అరుగుమీద పది పదునైదుగురు బిడ్డలతో ఆరు సాయంకాలములలో ముగింపవచ్చును.

మొదటి సాయంకాలము పుస్తకము విప్పరాదు. కోడిపెట్ట ఎక్కడ గ్రుడ్లు పెట్టును, ఎన్నాళ్లు పొదుగును, పిల్లలను ఎట్లు కాచును అని బిడ్డలచేతనే చెప్పింపవలయును. ఎవరి యింటి మాటలో వారు చెప్పవచ్చును. పిదప గ్రుడ్డు, గుంట, ఇసుక, డిప్ప, అల, ఒడ్డు అను ఆరు మాటలను నల్లబల్లమీద తెలుగున వ్రాసి, ఒక్కొక్కదాని ప్రక్కను బిడ్డలు చెప్పిన ఇంటి మాటను తెలుగు లిపిలోనే వ్రాయవలయును. తన యింటి మాట బల్లకెక్కిన దినమున బిడ్డకు కలుగు ధైర్యము ఇంతింతయని చెప్పరానిది.

రెండవ సాయంకాలము పెద్ద అక్షరములతో అట్టమీద వ్రాసిన చిన్న పాఠమును పెద్దవారొకరు వ్రేలితో చూపుచు నిదానముగా చదువవలయును. పాఠము ఇట్లుండవచ్చును:

"రాత్రి అయింది. తల్లి తాబేలు ఒడ్డుకు వచ్చింది. వెనుక కాళ్లతో ఇసుకలో గుంట తవ్వింది. గుంటలో గ్రుడ్లు పెట్టింది. గుంటను ఇసుకతో కప్పింది. సముద్రంలోకి వెళ్లిపోయింది."

ఇచ్చట ఆగి, "ఇక ఈ గ్రుడ్లను ఎవరు పొదుగుదురు?" అని యడుగవలయును. కోడిపెట్ట నెరిగిన బిడ్డలు తల్లి మరల వచ్చునని చెప్పవచ్చును. ఆ జవాబు తప్పని వెంటనే చెప్పరాదు. ఎవరేమి ఊహించిరో బల్లమీద వ్రాసి ఉంచవలయును. ఊహించినవాడు తన ఊహ నిజమో కాదో తెలిసికొనుటకై మరునాడు తప్పక వచ్చును. వచ్చి శ్రద్ధతో చదువును. ముందేమగునో తలపోయుచు చదువుట అర్థముతో చదువుటకు మొదటి మెట్టు.

మూడవ సాయంకాలము జవాబు తెలియును. తల్లి మరలి రాదు. ఎండచే వేడెక్కిన ఇసుకయే గ్రుడ్లను పొదుగును. అందుకు సుమారు 45 మొదలు 60 దినములు పట్టును. ఇసుక మిక్కిలి వెచ్చగా నున్నచో ఆడపిల్లలును, చల్లగా నున్నచో మగపిల్లలును ఎక్కువగా పుట్టును. సుమారు 29, 30 డిగ్రీల వేడి ఈ రెంటికిని నడిమి హద్దు. "అందువలన", "కావున", "ఎందుకనగా" అను మాటల పని బిడ్డలకు ఇచ్చట బోధపడును. వ్యాకరణ సూత్రముగా చెప్పిన పట్టుబడని ఈ మాటలు, వెచ్చని ఇసుకను చల్లని ఇసుకను తలచుకొన్నప్పుడు సులభముగా పట్టుబడును.

లెక్కకును ఇదియే తరి. తాబేలు త్రవ్వు గుంట రమారమి మూరెడు లోతుండును. బిడ్డలు అంగణమున మూరెడు గుంట త్రవ్వి, అందు నూరు చింతగింజలు లెక్కించి వేయవలయును. ఒక తల్లి ఒకసారి పెట్టు గ్రుడ్లు సుమారు నూరు, నూట ఇరువది. పెరిగిన తాబేలు రెండడుగులకు మించిన పొడవుండును. అప్పుడే పుట్టిన పిల్ల రెండంగుళములైనను ఉండదు. త్రాటితో కొలిచి నేలమీద గీసి చూచిన బిడ్డ, పుస్తకములోని అంకెను ఇక ఉత్త గుర్తుగా చూడడు. వేయి పిల్లలలో పెద్దదగువరకు బ్రతుకునది ఒకటియే యని సామాన్యముగా చెప్పుదురు. పది గుంటల గింజలు కుప్పగా పోసి, అందొక్క గింజను వేరుచేసి చూపినచో, ఆ వాక్యము అర్థము ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు.

నాలుగవ సాయంకాలము గ్రుడ్లు పగులు ఘట్టము. పిల్లలన్నియు కలిసి ఇసుకను త్రోసికొనుచు కొన్ని దినములలో పైకి వచ్చును. పైయిసుక వేడిగా నున్నంతసేపు అడుగుననే ఆగి, సాధారణముగా రాత్రి చల్లబడిన పిదప వెలుపలికి వచ్చును. వచ్చినంతనే వెలుగున్న దిక్కునకు పరుగెత్తును. చీకటిగా నుండు చెట్లవైపు కన్న సముద్రముమీది ఆకాశము తేటగా నుండుటచే అవి సరిగా నీటిని చేరును. కాని ఒడ్డున వీధిదీపములు వెలుగుచున్నచో త్రోవ తప్పి వానివైపు పోయి నశించును.

ఇచ్చట మూడు విధముల ప్రశ్నలు అడుగవలయును. "పిల్లలు ఏ వేళ బయటికి వచ్చును?" అనునది మొదటి విధము, జవాబు ఒక్క వాక్యములోనే దొరకును. "అవి సముద్రమువైపే ఏల పోవును?" అనునది రెండవ విధము, రెండు మూడు వాక్యములను జతపరచినగాని జవాబు రాదు. "తీరమున నుండు గ్రామస్థులు ఆ రాత్రులలో ఏమి చేసిన మేలు?" అనునది మూడవ విధము; జవాబు పాఠములో లేదు, చదివినదానిని ఆలోచించి చెప్పవలయును. "దీపములార్పవలయును" అని యే బిడ్డయైన ననినచో, ఆ బిడ్డకు చదువు వచ్చినదని నిశ్చయింపవచ్చును. మొదటి విధపు ప్రశ్నలతోనే ఆగిన బోధన మాటలను ఏరుకొనుట నేర్పునే గాని చదువుట నేర్పదు.

ఐదవ సాయంకాలము కడలిలోని దీర్ఘ జీవితము. పిల్ల నీట పడినది మొదలు ఒడ్డునకు దూరముగా ఈదుచు పోవును. గ్రుడ్డునుండి తెచ్చుకొన్న పచ్చసొన శేషమే దానికి తొలి ఆహారము. పది పదునైదేండ్లకు పెరిగి పెద్దదగును. ఆడ తాబేలు తాను పుట్టిన తీరప్రాంతమునకే గ్రుడ్లు పెట్టుటకు తిరిగి వచ్చును. భూమియొక్క అయస్కాంత శక్తి ఈ ప్రయాణమున దానికి త్రోవ చూపునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నీట నివసించినను తాబేలు గాలి పీల్చు ప్రాణి. పైకి రాలేక పెద్ద వలలలో చిక్కినది ఊపిరాడక చచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఈ జాతిని చంపుట, గ్రుడ్లు దొంగిలించుట శిక్షార్హములు. అటవీశాఖవారు విశాఖ తీరమున గ్రుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుక నేలలో పూడ్చి, పుట్టిన పిల్లలను కడలిలో విడుచుచున్నారు.

ఈ సందర్భమున పెద్దల మాటలు రెండు బిడ్డలకు చెప్పదగినవి. చేప చూపుచేతను, పక్షి స్పర్శచేతను, తాబేలు తలంపుచేతను తమ సంతానమును పెంచునని పూర్వులు చెప్పుదురు. తల్లి ఎక్కడనో నీటిలో నుండగా ఒడ్డున గ్రుడ్లు పగులుట చూచినవారికి అట్లు తోచుట సహజమే. దూరముననున్నను బిడ్డను మరువని తల్లి మనసు ఆ మాటలో నిలిచినది. అట్లే, గ్రుడ్లు పెట్టునప్పుడు తాబేలు ఏడ్చునని తీరవాసు లందురు. దాని కన్నుల నీరు కారుట నిజము. సముద్రజలముతో లోపలికి పోయిన అధిక లవణమును కంటి చెంతనున్న గ్రంథులు వెలుపలికి పంపుటచే ఆ నీరు కారును. "తాబేటి కంట నీరు కారుచున్నది", "తాబేలు ఏడ్చుచున్నది" అను రెండు వాక్యములను బల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసి, వీనిలో కన్ను చూచినదేది, మనసు చేర్చినదేది అని యడుగవలయును. పెద్దల మాటను హేళన చేయనక్కరలేదు. పరీక్ష లేక నమ్మనక్కరలేదు. ఈ వివేకము కలిగిన బిడ్డ రేపు ఋణపత్రము చదివినను, వార్తాపత్రిక చదివినను, మందు సీసామీది కాగితము చదివినను మోసపోడు. మన్యపు గ్రామమున ఒక కాగితము అర్థము తెలియక వ్రేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్న కుటుంబముల కథలు పెద్దలెరుగుదురు. చదువు ఎందులకని అడుగువారికి ఆ కథలే సమాధానము.

ఆరవ సాయంకాలము పాఠపు వాక్యములను వేర్వేరు అట్టముక్కలమీద వ్రాసి, కలిపివేసి, బిడ్డలచేత వరుసగా పేర్పింపవలయును. చివరి ముక్క, "పెరిగిన ఆడ తాబేలు అదే తీరానికి వచ్చింది" అనునది, మొదటి ముక్క ప్రక్కకు వచ్చి చేరును, వరుస వలయమగును. జీవచక్ర మను మాటకు అర్థము అప్పుడు చేతులకే తెలియును. పిదప బిడ్డలు ఇంటికి పోయి, అవ్వకో తాతకో ఈ కథను ఇంటి భాషలో చెప్పవలయును. ఒక భాషలో చదివి మరియొక భాషలో చెప్పగలిగినవానికి కంఠపాఠము తోడురాదు. అర్థమే తోడు రావలయును.

పాఠము జరుపువారు మూడు సంగతులు మరువరాదు. ఉచ్చారణ తప్పినంతనే నడుమ ఆపి దిద్దరాదు. వాక్యము ముగిసిన పిదప మెల్లగా దిద్దవచ్చును. త్వరగా చెప్పు ఇద్దరు ముగ్గురనే అడిగి తృప్తిపడరాదు. వెనుక వరుసలో మౌనముగా కూర్చున్న బిడ్డయే ఈ పాఠమునకు అసలు అతిథి. తమ్ముని చంకనెత్తుకొని వచ్చిన ఆడపిల్లను "తరువాత రమ్ము" అని పంపరాదు. ఆమె కూర్చుండుటకు చోటు చూపవలయును.

తాబేటి కథతో పని ముగియదు. హుకుంపేట మండలములోని మత్స్యగుండమున చేపలను దైవభావముతో చూచి ఎవరును పట్టరు. జలచరములను కాపాడుట తీరవాసులకే గాక కొండవారికిని అనాదిగా తెలిసిన ధర్మమని దానివలన తెలియుచున్నది. బిడ్డలు ఆ చేపలను గూర్చియో, గెడ్డలోని కప్పను గూర్చియో పెద్దల నడిగి, కనిపెట్టి చూచి, ఎనిమిది పుటల పుస్తకము స్వయముగా వ్రాసి బొమ్మలు వేయవలయును. గ్రంథపాలకుడు దానికి అట్టవేసి, సంఖ్య యిచ్చి, పుస్తకముల పట్టీలో చేర్చి, బీరువాలో పెట్టవలయును. పుస్తకములు ఎక్కడనో పుట్టి ఇచ్చటికి వచ్చునవి మాత్రమే కావని, ఇచ్చటను పుట్టగలవని ఈ గ్రామపు బిడ్డలు అప్పుడు తెలిసికొందురు.

ఫలము కలిగినదో లేదో తెలిసికొనుటకు మార్గము సులభము. అన్ని సాయంకాలములు ముగిసిన పిదప, బిడ్డ మునుపు చూడని వేరొక ప్రాణి కథ ఒక పుట ఇచ్చి, ఆ మూడు విధముల ప్రశ్నలే అడుగవలయును. జవాబులు వచ్చినచో బిడ్డకు వచ్చినది తాబేటి పాఠము మాత్రమే కాదు, చదువు. రానిచో బిడ్డను నిందింపక, మరియొక కథతో మరల మొదలు పెట్టవలయును.

ఇసుకనుండి వెలువడిన తాబేటిపిల్లకు త్రోవ చెప్పువారక్కరలేదు. తల్లి లేకున్నను, గురువు లేకున్నను, అది తన కడలిని తానే చేరుకొనును. మానవ శిశువునకు ఆ భాగ్యము లేదు. మాట తల్లి నేర్పవలయును. అక్షరము ఊరు నేర్పవలయును. ఊరు మరచినచో ఆ బిడ్డకు వేరు దిక్కు లేదు. వేయింట ఒకటి బ్రతుకుట తాబేళ్ల విషయమున ప్రకృతి ధర్మము కావచ్చును. బడికి పోయిన పదిమందిలో ఒకడు చదువుకొనుట ఏ గ్రామమునకును ధర్మము కాదు.

ఇందులకు కావలసిన వ్యయము స్వల్పము. ఒక నల్లబల్ల, కొన్ని అట్టలు, గుప్పెడు చింతగింజలు, వారమున కొక సాయంకాలము, ఓపికగల పెద్దవారొకరు. రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయ సంఘమువారు ఈ స్వల్ప కార్యమును పూనుకొందురు గాక. చందాదారులలో చదువు వచ్చిన ప్రతివారును ఒక్కొక్క సాయంకాలమును దానముగా నిత్తురు గాక. గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లి, ఈ కొండల బిడ్డలందరికిని చదివి గ్రహించు శక్తి నొసగు గాక.